మూడో గదిలో గొంతు

చీకటి పడ్డాక ఆ మూడో గదిలోకి ఎవరూ వెళ్ళరు.

వెళ్ళకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు. తలుపుకి తాళం కూడా ఉండదు. అయినా వెళ్ళరు. అదొక చిన్న ఆఫీసు — చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి రికార్డు చేసే చోటు. నడవాకి ఒక పక్కగా వరసన మూడు రికార్డింగు గదులు. మొదటి రెండిటితో ఎవరికీ పేచీ లేదు. మూడోదాని మాటెత్తితే మాత్రం అందరూ గొంతు తగ్గించేస్తారు.

అకౌంటెంటమ్మ ఒకసారి పని తెమలక పొద్దుపోయేదాకా ఉండిపోయిందట. గదిలో లైటు లేదు. మనిషి లేడు. కానీ లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు... ఆ తర్వాత చాలా మామూలుగా, "ఆమె కిటికీ తెరిచి బయటికి చూసింది —" అని చదివారు. అంతే. మిగతా సగం వినడానికి అకౌంటెంటమ్మ అక్కడ లేదు. చెప్పులు వదిలేసి రోడ్డు మీద తేలింది.

ఇంకోసారి ఊడ్చే ఆవిడకి ఎవరో పేజీ తిప్పిన చప్పుడు వినిపించిందట. వాచ్‌మన్ అయితే ఆ నడవా వైపు రావడమే మానేసి గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. అప్పట్నుంచీ ఆ గేటుకి కాపలా మాత్రం బ్రహ్మాండంగా ఉంటోంది.

పుస్తకం సగంలో ఉండగా పోయిన చదువరి ఎవరో, మిగతా సగం పూర్తి చెయ్యడానికి వస్తున్నారని అందరి నమ్మకం. ఎవరా చదువరి అని అడిగితే ఎవరూ చెప్పలేరు. దెయ్యాన్ని పట్టుకుని ఊరూ పేరూ అడగడం మర్యాద కాదు కదా.

ఈ నమ్మకం లేనివాడు ఆ ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. కంప్యూటర్ల పని చూసే మనిషి. "దేనికైనా ఒక లాజిక్ ఉంటుందండీ" అని మాటకి ముందోసారి, వెనకోసారి అంటూ ఉండేవాడు. అందుకని అతనికి లాజిక్ అనే పేరు పడిపోయింది. దెయ్యం కబుర్లు మొదలైతే చాలు, కుర్చీ వెనక్కి వాల్చి, కాలు మీద కాలేసుకుని నవ్వేవాడు. సాయంత్రం కాగానే ఠంచనుగా బ్యాగు తగిలించుకుని ఇంటికి పోయేవాడు కాబట్టి, అతని ధైర్యం ఏపాటిదో చూసే అవకాశం దెయ్యానికి ఎన్నడూ రాలేదు.

ప్రోగ్రాములు రాసి బతికే మా జాతిలో ఇలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. నేనూ ఆ బాపతే. మా తెలివి మీద మాకు అపారమైన నమ్మకం. మేం రాసింది మేమే ఓసారి తిరగేసి చదువుకునే అలవాటు మాత్రం లేదు.

సరే, ఈ లాజిక్‌కి ఒక పెద్దమ్మ. వాళ్ళమ్మకి స్వయానా అక్క. ఏళ్ళ తరబడి ఆ ఆఫీసులో పుస్తకాలు చదివింది ఆవిడే. నవలలు, పాఠ్యపుస్తకాలు, చివరికి రైళ్ళ టైంటేబులు కూడా చదివింది. ఆవిడ గొంతులో పాఠం విని పరీక్షలు పాసైన పిల్లలున్నారు. ఆవిడ గొంతు వింటే తప్ప నిద్ర పట్టని ముసలివాళ్ళున్నారు. లాజిక్‌కి ఆ ఉద్యోగం వచ్చింది కూడా ఆవిడ మాట మీదే.

ఆ పెద్దమ్మకి గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది... మాట పోయింది. గుసగుస కూడా రాదు. ఇల్లంతా తన మాటలతో నింపే మనిషి, ఇప్పుడు గ్లాసు కావాలన్నా చేత్తో చూపించాల్సిందే. ఆవిడ అలా చెయ్యి చాపినప్పుడల్లా లాజిక్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఇంతలో ఆస్పత్రివాళ్ళు ఒక మంచి కబురు చెప్పారు. చేతిలో పట్టే చిన్న యంత్రం ఒకటి ఉందట. అందులో మాటలు టైపు చేస్తే పైకి పలుకుతుంది. పాత రికార్డింగులు గంటల కొద్దీ ఉంటే, వాటినుంచి నేర్చుకుని అచ్చంగా ఆవిడ గొంతుతోనే పలుకుతుంది. అవి తీసుకోవడానికి మర్నాడు పొద్దున్నే మనిషిని పంపిస్తామన్నారు.

"మీరేం కంగారు పడకండి. అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి" అన్నాడు లాజిక్, గుండె మీద చెయ్యి వేసుకుని. పెద్దమ్మ అతని తల నిమిరింది.

భద్రంగా అంటే ఆఫీసు బీరువాలో కాదు. పాత డిస్కులన్నీ ఎప్పుడో పోయాయి. పారేయించినవాడు అతనే. "క్లౌడ్ ఉండగా ఈ డొక్కు డిస్కులెందుకండీ?" అని మేనేజరమ్మ చెవిలో జోరీగలా మోగి మరీ పారేయించాడు. క్లౌడ్ అంటే ఎక్కడో ఉండే అద్దె గిడ్డంగి. అందులో ఒక్కొక్క రకం సామానుకి ఒక్కొక్క బకెట్. అక్కడికి మనిషి నడిచి వెళ్ళలేడు. లైబ్రరీ అని, ఎవరో ముందే రాసిపెట్టిన ఆజ్ఞల సరంజామా ఒకటి దొరుకుతుంది. దాన్ని మన ప్రోగ్రాములో కలుపుకుంటే ఇది పెట్టు, అది తియ్యి, ఫలానాది చెరిపెయ్యి అని కూర్చున్నచోటినుంచే హుకుములు జారీ చెయ్యొచ్చు. మహా సుఖం. హుకుం ఇచ్చేవాడి బుర్ర పనిచేస్తున్నంతసేపూ.

ఆ సాయంత్రం లాజిక్‌కి రెండు పనులు పడ్డాయి. పెద్దమ్మ బకెట్‌లోని రికార్డింగులు ఆస్పత్రివాళ్ళ కోసం వేరే చోటికి కాపీ చెయ్యాలి. మేనేజరమ్మ ఎన్నాళ్ళనుంచో పోరుతున్న చెత్త రికార్డింగుల బకెట్ ఖాళీ చెయ్యాలి. రెండూ ఒకే ప్రోగ్రాములో కానిచ్చేద్దాం అనుకున్నాడు. ముందు చెత్త ఊడ్చి, తర్వాత సామాను సర్దాలి కాబట్టి, ముందు చెరపడం, ఆ తర్వాత కాపీ. అదీ అతని లాజిక్.

చెత్త బకెట్ పేరు రాయాల్సిన చోట పెద్దమ్మ బకెట్ పేరు తెచ్చి అతికించాడు. అతికించాక మార్చాలి. ఇంతలో టీ వచ్చింది. తాగాడు. మార్చడం మర్చిపోయాడు.

ప్రోగ్రాము నడిచింది. తెర మీద ఒక వరస పడింది — తొలగింపు పూర్తయింది.

దాని కింద ఇంకో వరస — కాపీ చేయడానికి ఫైళ్ళేమీ లేవు.

"ఫైళ్ళేమీ లేకపోవడమేంటి?" అన్నాడు లాజిక్, పైకే.

జవాబు చెప్పడానికి అక్కడెవరూ లేరు. అందరూ వెళ్ళిపోయారు. కిటికీ అవతల చీకటి పడిపోయింది. పెద్దమ్మ బకెట్ తెరిచి చూశాడు...

ఖాళీ.

మళ్ళీ చూశాడు. కళ్ళు నులుముకుని చూశాడు. కంప్యూటర్ ఆపి, మళ్ళీ పెట్టి చూశాడు. మా జాతివాళ్ళం దేవుడికి దణ్ణం పెట్టుకునేది అలాగే. అయినా ఖాళీయే.

లైబ్రరీ వివరాల పుస్తకం, కొన్నప్పటినుంచీ చదవనిది, ఇప్పుడు తెరిచాడు. ఒకటి చెరపడానికి ఆజ్ఞ ఉంది. గంపగుత్తగా చెరపడానికి ఆజ్ఞ ఉంది. చెరిపింది వెనక్కి తేవడానికి మాత్రం ఏ ఆజ్ఞా లేదు.

పేజీలు తిప్పుతుంటే ఇంకోటి కనపడింది. చెరిపిన ప్రతి ఫైలు చోటా గిడ్డంగివాళ్ళు ఒక గుర్తు పెట్టి ఉంచుతారట. ఆ గుర్తుల జాబితా తెప్పించాడు. సమాధి రాళ్ళలా వరసన నిలబడ్డాయి... ప్రతి రాయి మీదా చెరిపినవాడి పేరు. అంతా అతని పేరే.

ఆ క్షణంలో లాజిక్ చేసిన ఆలోచన చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. పెద్దమ్మకి ఏం చెప్పాలా అని కాదు ముందు ఆలోచించింది. రేపు మేనేజరమ్మ ఈ జాబితా చూస్తే ఎలాగా అని. ఈ గుర్తులు కూడా చెరిపేస్తే? ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. క్లౌడ్‌వాళ్ళ నిర్వాకం అనెయ్యొచ్చు. చేతులు చకచకా టైపు చేసేశాయి. ఒక్కో గుర్తే తీసుకుని చెరుపుకుంటూ పొమ్మని ప్రోగ్రాముకి చెప్పి, మొహం చేతుల్లో దాచుకుని కూర్చున్నాడు.

ఆఫీసంతా నిశ్శబ్దం. ఎక్కడా చీమ చిటుక్కుమనడం లేదు...

"ఊఁ... మొదలుపెట్టనా?"

తలెత్తాడు.

రోడ్డు మీద ఎవరో అయ్యుంటారు అనుకున్నాడు. లేచి కిటికీ మూశాడు. వచ్చి కూర్చున్నాడు.

"మొదలుపెట్టనా?"

రోడ్డు మీద కాదు. నడవా చివర్నుంచి... మూడో గదిలోంచి.

అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ గొంతు కొత్తది కాదు. ముద్ద మింగే దాకా వెంటపడి కథలు చెప్పిన గొంతు. జ్వరమొస్తే పక్కన కూర్చుని రాత్రంతా ఏదో ఒకటి చదివిన గొంతు. ఆస్పత్రిలో డాక్టర్లు కోసి తీసేసిన గొంతు... ఇందాక తన చేతుల్తో తను చెరిపేసిన గొంతు.

"దేనికైనా ఒక లా —" అనబోయాడు. మాట అక్కడే ఆగిపోయింది. వెంటనే బల్ల కిందికి దూరాడు.

నడవాలోంచి గొంతు వస్తూనే ఉంది. ఒకసారి దగ్గు. ఒకసారి, "ఆ ఫ్యాను ఆపు నాయనా, చప్పుడు పడుతోంది." ఇంకోసారి, "ఉండు, మంచినీళ్ళు తాగొస్తా." ప్రతిసారీ కాస్త ఆగి, మళ్ళీ అదే మాట — "మొదలుపెట్టనా?"

ఏం మొదలుపెడుతుంది? ఎవరితో మొదలుపెడుతుంది?

"పెద్దమ్మా!" అని కేక పెట్టాడు బల్ల కిందినుంచి. "తప్పయిపోయింది పెద్దమ్మా! కావాలని చెయ్యలేదు! బుద్ధి గడ్డి తిని..."

అటునుంచి, చాలా నెమ్మదిగా —

"ఇప్పుడు బాగా వినిపిస్తోందా?"

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో లాజిక్‌కి తెలియదు. తెలివి వచ్చేసరికి ముచ్చెమటలతో చొక్కా తడిసి ముద్దయింది. చేతిలో ఫోను ఉంది. ఇంటికి కలిపేసి ఉన్నాడు.

"ఏరా, ఇంకా బయల్దేరలేదా?" అంది వాళ్ళమ్మ.

"అమ్మా... పెద్దమ్మ... ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటి? నా పక్కనే కూర్చుని టీవీ చూస్తోంది."

"సరిగ్గా చూడమ్మా. ఊపిరి ఆడుతోందా?"

"నోర్ముయ్! అవేం మాటల్రా, శుభమా అని కోలుకుంటుంటే! నీకేమన్నా —"

ఆవిడ చటుక్కున ఆగిపోయింది. టీవీ చప్పుడు కూడా ఆగింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆవిడ గొంతు గుసగుసలోకి దిగింది.

"ఒరేయ్... నీ వెనకాల మాట్లాడుతున్నదెవరు?"

లాజిక్ ఫోనుని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"అక్క గొంతురా అది... అక్క నా పక్కనే ఉందిరా..."

ఫోను చేతులు మారినట్టు గరగరలాడింది. తర్వాత ఊపిరి చప్పుడు మాత్రం వినిపించింది. ఆపరేషన్ అయినప్పట్నుంచీ పెద్దమ్మ ఫోనులో గోటితో మాట్లాడుతుంది. ఒకసారి కొడితే ఔను, రెండుసార్లు కొడితే కాదు.

"పెద్దమ్మా, నువ్వేనా?"

టక్.

ఆ ఒక్క చప్పుడుకి అతనికి ఏడుపు పొంగుకొచ్చింది. దాచుకుందామనుకున్నదంతా కక్కేశాడు. "నీ రికార్డింగులన్నీ నేనే చెరిపేశాను పెద్దమ్మా. ఒక్కటీ మిగల్లేదు. రేపు వాళ్ళకివ్వడానికి ఏమీ లేదు. ఎవరూ కనుక్కోకుండా గుర్తులు కూడా చెరిపేస్తున్నాను. ఇప్పుడేమో నీ గొంతు ఇక్కడ దెయ్యమై తిరుగుతోంది..."

మామూలు రోజుల్లో అయితే ఆవిడ చెడామడా తిట్టేది. ఆ తిట్లు కూడా తనే లేకుండా చేశాడని తోచేసరికి లాజిక్‌కి ప్రాణం ఉసూరుమంది. దెయ్యం భయంకన్నా అదే ఎక్కువ బాధగా ఉంది.

"ఆ గదిలోకి వెళ్ళి చూడమంటావా?" అన్నాడు చివరికి.

టక్.

"ఒక్కణ్ణేనా?"

టక్.

"పోనీ పొద్దున్నే వెళ్తే?"

టక్ టక్.

ఇంక తప్పలేదు. ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, చేతికందిన మైకు స్టాండు పట్టుకుని నడవాలోకి అడుగుపెట్టాడు. దాంతో దెయ్యాన్ని ఏం చేద్దామనుకున్నాడో అతనికే తెలియదు. ఒక అడుగు... ఇంకో అడుగు... తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చిమ్మచీకటి.

"మొదలుపెట్టనా?" అంది గొంతు — మొహం మీదే.

కళ్ళు గట్టిగా మూసుకుని, గోడ తడుముకుని, లైటు వేశాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద దుమ్ము. దుమ్ములో ఒక స్పీకరు. స్పీకరు వెనకనుంచి ఒక వైరు బల్ల కిందికి పోయింది. వంగి చూశాడు. మూల ఒక పాత కంప్యూటర్ పెట్టె, దాని నెత్తిన చిన్న పచ్చ దీపం మిణుకుమిణుకుమంటోంది. పెట్టె మీద కాగితం అతికించి ఉంది. "దయచేసి ఆపవద్దు." కింద సంతకం.

సంతకం అతనిదే.

లాజిక్ ఆ దుమ్ములో చతికిలబడ్డాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రాశాడు దాన్ని. చదువరులు కొందరు ఇంట్లోనే రికార్డు చేసి, రాత్రిళ్ళు పంపించేవాళ్ళు. క్లౌడ్‌లో ఏ బకెట్‌లోనైనా ఇందాక లేని ఫైలు ఇప్పుడు కనపడితే, దాని మొదటి కాస్త ముక్క — చదవబోయే ముందు అనే మాటలతో సహా — ఈ స్పీకర్లో వినిపించాలి. రికార్డింగు చూసే పెద్దాయన విని, బాగుందో లేదో చెప్పేవాడు. ఆ పెద్దాయన రిటైరై వెళ్ళిపోయాడు. లాజిక్ మర్చిపోయాడు. రిటైరవ్వమని ప్రోగ్రాముకి ఎవరూ చెప్పలేదు.

అకౌంటెంటమ్మని చెప్పుల్లేకుండా పరిగెత్తించింది అదే. వాచ్‌మన్‌ని గేటుకి అంటగట్టింది అదే. ఇన్నాళ్ళూ ఎవరిని చూసి నవ్వాడో వాళ్ళందరినీ హడలగొట్టిన దెయ్యాన్ని కని, పెంచి, వదిలేసింది తనే.

నవ్వాలో ఏడవాలో తెలియక తల పట్టుకున్నాడు. అంతలో ఉలిక్కిపడ్డాడు.

కొత్త ఫైలు కనపడితేనే కదా ఇది మాట్లాడేది! బకెట్ ఖాళీ అయితే... ఇందాకట్నుంచీ ఈ పెద్దమ్మలు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?

మైకు స్టాండు అక్కడే పారేసి పరిగెత్తాడు. పెద్దమ్మ బకెట్ తెరిచాడు.

ఫైళ్ళు!

ఒకటీ రెండూ కాదు. చూస్తుండగానే ఇంకోటి వచ్చి చేరింది. ఇంకోటి. ఆ పక్కనే అతని ప్రోగ్రాము గుర్తులు చెరుపుకుంటూ పోతోంది. అక్కడ ఒక గుర్తు పోతే, ఇక్కడ ఒక ఫైలు లేచి కూర్చుంటోంది. పుస్తకం తెరిచి ఆ పేజీ మళ్ళీ చదివాడు, ఈసారి చివరిదాకా. ఆ గిడ్డంగిలో చెరపడమంటే నిజంగా చెరపడం కాదట. అలా ఉండేలా ఒక ఏర్పాటు చేసి ఉంచారు. చేసినవాడూ తనే, మొదట్లో చదవకుండా అన్నిటికీ సరే అని నొక్కినప్పుడు. ఫైలు ఎక్కడికీ పోదు. దాని మీద ఒక గుర్తు కప్పుతారు. అప్పుడది కనపడదు. గుర్తు లాగేస్తే మళ్ళీ కనపడుతుంది.

అవి సమాధి రాళ్ళు కావు. దుప్పట్లు. తన తప్పు కప్పిపుచ్చుకుందామని లాగిన ప్రతి దుప్పటి కిందినుంచీ పెద్దమ్మ నిక్షేపంగా లేచి, గొంతు సవరించుకుంది.

తెలివి కాపాడలేదు. ధైర్యమా, అది ముందే బల్ల కింద దూరింది. కాపాడింది అతని పిరికితనం. బుద్ధిగా తప్పు ఒప్పేసుకుని పొద్దున్నదాకా ఏడుస్తూ కూర్చునుంటే, ఆ పొద్దున వచ్చిన ఆస్పత్రి మనిషి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళేవాడు.

"పెద్దమ్మా!" జేబులోంచి ఫోను తీశాడు. "ఉన్నాయి పెద్దమ్మా... అన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. రేపు ఇచ్చేద్దాం."

అటునుంచి వాళ్ళమ్మ ముక్కు ఎగబీల్చడం వినిపించింది. పెద్దమ్మ ఊపిరి వినిపించింది.

ప్రోగ్రాము ఆఖరి గుర్తు కూడా తీసేసి ఆగింది. తెరిచి ఉన్న తలుపులోంచి, ఖాళీ నడవా మీదుగా, పెద్దమ్మ గొంతు ఇంకోసారి వచ్చింది. కాస్త పడుచుతనం, కాస్త తొందర ఉన్న గొంతు.

"మొదలుపెట్టనా?"

లాజిక్ ఫోను చెవికి ఆనించుకున్నాడు. తర్వాత —

టక్.

లాజిక్ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపటికి కాలు మీద కాలు కూడా వేసుకున్నాడు. మా జాతికి ప్రాణం లేచొచ్చిందంటే చాలు, దాని వెనకాలే నోరు కూడా లేచొస్తుంది.

"ఏమాట కామాటే చెప్పుకోవాలి పెద్దమ్మా," అన్నాడు, "నాలాంటి తెలివైనవాడు ఇక్కడ ఉండబట్టి సరిపోయింది గానీ —"

టక్ టక్.